కారణం తెలియదు

నికోసియాలో, పాత సుంకం కచేరీ రెండో అంతస్తులో
క్రిస్తాల్లా రోజుకు నలభై పేజీలు చదువుతుంది.
శాంతిసేన కావలివాళ్ళు రాసిపెట్టిన దినచర్యలు.
నీలం పెన్సిలు. అక్షరాలు వణికిన చోట
తేదీ చూడకుండానే జనవరి అనుకుంటుంది.

ఆమె పని ఒక్కటే,
జరిగిన ప్రతిదానికీ ఒక అంకె వెయ్యడం.
కాల్పులకు ఐదు.
తుపాకి ఎక్కుపెట్టి కాల్చకపోతే మూడు.
ఇసుక బస్తా ఒక్కటి ముందుకు జరిగినా రెండు.
తిట్లు, రాళ్ళు, అద్దంతో కళ్ళల్లోకి ఎండ కొట్టడం, ఒకటి.
ఏమీ జరగని రోజుకు సున్నా.
సున్నాలు పోగైతే శాంతి అంటారు,
వాటి మీద మూడొందల పేజీలు రాస్తే డాక్టరేట్ ఇస్తారు.

పంతొమ్మిదో చౌకీ, లెఫ్కా వైపు.
డెబ్భై తొమ్మిది నుంచి ఎనభై నాలుగు దాకా
ఒకే మాట మళ్ళీ మళ్ళీ:
"ఉత్తరం నుంచి ఈల. దక్షిణం నుంచి బదులు ఈల.
మూడు నిమిషాలు. కారణం తెలియదు."
ఆర్నెల్లకోసారి కావలివాళ్ళు మారారు, చేతిరాతలు మారాయి,
ఒకడెవడో 'తెలియదు' కింద రెండు గీతలు గీశాడు.
ఈల మారలేదు.
రెండు వందల పదిహేడు సార్లు.
రెండు వందల పదిహేడు సార్లూ ఆమె ఒకటి వేసింది.
రెచ్చగొట్టడం, స్వల్పం.

లెక్క భలేగా కుదిరింది.
రెచ్చగొట్టడం పెరిగిన నెలల్లో కాల్పులు తగ్గాయి!
ప్రొఫెసర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని
"పగ నోటితో తీరితే చేతిదాకా రాదన్నమాట" అన్నాడు.
ఆ వాక్యమే మూడో అధ్యాయానికి పేరైంది.

ఒక్కటి మాత్రం చెప్పులో రాయిలా.
ఎనభై ఒకటి, మార్చి పదకొండు:
"కాపరి గీత దాటాడు. మేకలు నలభై ఒకటి.
సాయంత్రం తిరిగి వచ్చాడు. మేకలు నలభై మూడు."
ఆమె పట్టికలో తరుగుకు గడులున్నాయి
పోయినవి, చచ్చినవి, ఎత్తుకెళ్ళినవి.
పెరిగినదానికి లేదు.
ఈలకీ ఈతకీ మన భాషలో ఒక్క అక్షరం తేడా.
ఆమె పట్టికలో ఆ అక్షరం పట్టే జాగా లేదు.

ఏప్రిల్లో కాగితాలు చూపించి గీత దాటింది.
జిహ్నికి ఎనభై రెండేళ్ళు.
ముందు కుర్చీ, తరువాత జున్నుముక్క, ఆ తరువాతే మాట.
తుప్పు పట్టిన తాళంలాంటి గ్రీకు
రెండు తిప్పులకు తెరుచుకుంది.

"ఈలా? అది లోయిజోస్‌ని పిలవడమమ్మా.
వాడి పోతు మంచిది. మా మేక ఎదకొస్తే నేను వేసేవాణ్ణి.
తోలుకు రా అనో, జీపు తిరుగుతోంది ఆగు అనో వాడు వేసేవాడు.
తుపాకులు పేలితే మేకలు పాలు చేపవు.
ఇటు సిపాయిలు నా పాలే తాగేవాళ్ళు, అటువాళ్ళు వాడివి.
చేపని రోజు చెప్పేవాళ్ళం ఇద్దరం,
మీ పుణ్యమే, ఇవాళ టీలో నీళ్ళే అని."

మరి ఆ రెండూ?
"మా నల్లది అటువైపు ముళ్ళపొదలో ఈనింది.
పోతు కూలి, ఒకదాన్ని ఉంచుకో అన్నాను.
తల్లిని మరిగిందిరా, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు.
ఇంకా బాకీయే."
డెన్మార్క్ కుర్రాళ్ళు చూసేవాళ్ళు కాదా?
"అటు తిరిగి సిగరెట్టు ముట్టించేవాళ్ళు.
ఏం, పుస్తకంలో రాశారా?
రాశారా!"
నవ్వి, దగ్గి, మోకాలి మీద చెయ్యి వేసుకుని
"లోయిజోస్ ఎక్కడున్నాడు?
నీ పుస్తకంలో ఉండాలే" అన్నాడు.

ఎనభై నాలుగు నవంబరు తరువాత
ఉత్తరం నుంచి ఈల ఉంది, ఇంకో పద్నాలుగు రోజులు.
బదులు లేదు.
ఆ పైన ఆమె వేసినవన్నీ సున్నాలే.
వరసగా, నున్నగా.

జూన్‌లో పరిశీలకుల ముందు కూర్చోవాలి.
ఒకట్లు చెరుపుతోంది. అరవై మూడో ఈల దగ్గరుంది.
చెరిపిన చోట ఏం వెయ్యాలో తోచక వదిలేస్తే
కంప్యూటర్ ఆ గడికి ఎర్రరంగు పూసి
సమాచారం లోపించింది అంటోంది.

ఆ రోజు తిరిగి వస్తూ, చెక్‌పోస్టు వరసలో,
రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఊది చూసింది.
గాలే వచ్చింది.
గాజుకిటికీ వెనక పోలీసు తలెత్తాడు,
గడియారం చూశాడు,
ఏదో రాసుకున్నాడు.